గుర్తు గీసినవాడిదా, మోసినవాళ్లదా?

(సమాజశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభకు నమస్కారం.

సమాజశాస్త్రం ఎలా పుట్టిందో, సాంస్కృతిక చిహ్నాలకు అర్థం ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పమన్నారు. ఒక్కోటీ ఒక్కో రోజు పట్టే విషయం. రెంటినీ గంటలో ఎలా సర్దాలా అని తల పట్టుకుని కూర్చున్నాక ఒక జెండా గుర్తొచ్చింది. రెండు సంగతులూ ఆ ఒక్క గుడ్డ మీదే ఉన్నాయి. అక్కణ్నుంచే మొదలెడతాను.

బ్రెజిల్ జెండా. ఫుట్‌బాల్ చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆకుపచ్చ గుడ్డ, మధ్యలో పసుపు డైమండ్, అందులో చుక్కలున్న నీలం గోళం. గోళానికి అడ్డంగా ఒక తెల్ల పట్టీ, దాని మీద పోర్చుగీసులో "ఆర్డెమ్ ఇ ప్రోగ్రెసో" అని ఉంటుంది. క్రమం, ప్రగతి అని అర్థం. 1889 నవంబరులో బ్రెజిల్ చక్రవర్తిని దించేసి రిపబ్లిక్ అయింది. నాలుగు రోజుల్లో ఈ జెండా వచ్చింది. ఆ మాటలు మాత్రం ఆ దేశంలో పుట్టినవి కావు. అప్పటికి 32 ఏళ్ల కిందట పారిస్‌లో పోయిన ఒక ఫ్రెంచి మేధావివి. ఆయన పేరు ఆగస్ట్ కోమ్త్. కొన్ని పాఠ్యపుస్తకాల్లో కామ్టే అని ఉంటుంది, ఇద్దరూ ఒకరే, కంగారు పడకండి. "సోషియాలజీ" అన్న మాటను లోకంలోకి వదిలింది ఆయనే.

ఒక శాస్త్రానికి పేరు పెట్టినవాడి మాట ఒక దేశపు జెండా మీద ఎగరడం నాకు ఇంకెక్కడా కనబడలేదు. ఇంకో చమత్కారం చూడండి. కోమ్త్ నినాదంలో నిజానికి మూడున్నాయి: మూలసూత్రం ప్రేమ, పునాది క్రమం, గమ్యం ప్రగతి. జెండా ఎక్కేసరికి ప్రేమ జారిపోయింది. పట్టీలో చోటు చాలలేదేమో. (నవ్వులు)

జెండాను కాసేపు పక్కన పెడదాం. ముందు మనిషి సంగతి చూద్దాం.

కోమ్త్ 1798లో మోంపెలియేలో పుట్టాడు. ఫ్రెంచి విప్లవం మొదలై అప్పటికి తొమ్మిదేళ్లు. ఆయనకు కాస్త ముందూ, ఆయన ఎదిగే రోజుల్లోనూ ఏమేం జరిగాయో గుర్తు చేసుకోండి. రాజు తల తెగింది. చర్చి ఆస్తులు పోయాయి. ఆఖరికి క్యాలెండరు కూడా మిగల్లేదు. 1793లో ఏడు రోజుల వారాన్ని కొట్టేసి పది రోజుల వారం పెట్టారు. నెలలకు కొత్త పేర్లు వచ్చాయి. సెలవు ఏడో రోజు రావలసింది పదో రోజుకు జరిగింది. కూలి చేసుకునేవాడికి ఆ విప్లవం ఎంత తీపిగా అనిపించి ఉంటుందో మీరే ఊహించండి. 1806 జనవరి 1 నుంచి నెపోలియన్ దాన్ని ఎత్తేశాడు. రిపబ్లిక్ పోయి సామ్రాజ్యం వచ్చింది, సామ్రాజ్యం పోయి మళ్లీ రాజొచ్చాడు. కోమ్త్‌కు పదిహేడేళ్లు నిండేసరికి ఇదంతా అయిపోయింది. మరోపక్క యంత్రాలొచ్చి పల్లెల్లోంచి మనుషుల్ని పట్నాలకు లాగుతున్నాయి.

పాత కట్లన్నీ తెగాక మనుషుల్ని కలిపి ఉంచేది ఏమిటి? ఆ తరం నోట నానిన ప్రశ్న ఇది. సమాజశాస్త్రం ఈ ప్రశ్న కడుపునే పుట్టింది. ప్రశాంతంగా ఉన్న కాలంలో ఎవరికీ సమాజం కనబడదు, నడిచేవాడికి కాలు కనబడనట్టు. ముల్లు గుచ్చుకున్నప్పుడే దాన్ని చూసుకుంటాం.

కోమ్త్ 1817 నుంచి ఏడేళ్లు సాన్-సిమోన్ అనే సంస్కర్త దగ్గర కార్యదర్శిగా ఉన్నాడు. ఆ రాత ఎవరిది, పేరు ఎవరిది అన్న పేచీ వచ్చి విడిపోయారు. సొంతంగా ఇంట్లోనే ఉపన్యాసాలు మొదలుపెట్టాడు, 1826లో. వినడానికి వచ్చినవాళ్లలో హంబోల్ట్ అంతటి శాస్త్రవేత్త ఉన్నాడు. మూడు ఉపన్యాసాలయ్యేసరికి కోమ్త్ మనసు చెదిరింది, ఆసుపత్రిలో పెట్టవలసి వచ్చింది. కోలుకుని మళ్లీ మొదలుపెట్టి, 1830 నుంచి 1842 దాకా ఆరు సంపుటాలు అచ్చేశాడు. ఆ పట్టుదలకు నేను దణ్ణం పెడతాను, ఆయన రాతంతా ఒప్పుకోకపోయినా.

పేరు కథ సరదాగా ఉంటుంది. ఈ కొత్త శాస్త్రాన్ని ఆయన మొదట "సామాజిక భౌతికశాస్త్రం" అనేవాడు. గ్రహాలకు నియమాలున్నట్టే గుంపులకూ ఉంటాయన్నది ఆయన నమ్మకం. ఇంతలో అడాల్ఫ్ కెత్లే అనే బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త పుట్టుకలూ చావులూ నేరాలూ లెక్కగట్టి 1835లో ఒక పుస్తకం వేసి, దానికి అదే పేరు వాడుకున్నాడు. కోమ్త్‌కు ఒళ్లు మండింది. నా పేరు నాకు లేకుండా చేశారన్నట్టు, 1839లో వచ్చిన నాలుగో సంపుటంలో కొత్త మాట కట్టాడు. సహచరుడు అనే అర్థం ఉన్న లాటిన్ మాటకు, జ్ఞానం అనే అర్థం ఉన్న గ్రీకు తోక తగిలించాడు. లాటిన్ మొండెం, గ్రీకు తోక! పండితులు ముక్కు విరిచారు. మాట మాత్రం బతికింది.

ఇక్కడో విశేషం. విప్లవ కాలపు నాయకుడు సియేయస్ అంతకు దాదాపు అరవై ఏళ్ల ముందే ఇదే మాటను తన రాతకాగితాల్లో వాడుకున్నాడు. ఆ కాగితాలు అచ్చు కాలేదు, మాట ఎవరి నోటా పడలేదు. మొదట పలికినవాడు సియేయస్, పేరొచ్చింది కోమ్త్‌కి. మాట పుట్టడం వేరు, నలుగురి నోట నలగడం వేరు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ తేడా గురించే.

ఆ కోమ్త్ నడివయసులో ఏం చేశాడో చూడండి. 1844లో క్లోతిల్డ్ ద వో అనే ఆమెతో పరిచయమైంది. ప్రేమించాడు. 1846లో ఆమె పోయింది. ఆమె కూర్చునే కుర్చీయే ఆయనకు పూజాపీఠమైంది. రోజూ దాని ముందు మోకరిల్లేవాడు. తర్వాత ఏకంగా ఒక మతాన్నే కట్టాడు. దాని పేరు మానవతా మతం, అందులో దేవుడు లేడు. పూజారులున్నారు, సంస్కారాలున్నాయి. క్యాలెండరు కూడా ఉంది: నెలకు 28 రోజుల చొప్పున 13 నెలలు, మిగిలిన ఒక్క రోజు చనిపోయినవారందరికీ. నెలలకు మోజెస్, హోమర్, అరిస్టాటిల్, గూటెన్‌బర్గ్, షేక్‌స్పియర్, ఇలా పేర్లు. లెక్క ప్రకారం ఎంతో అందమైన క్యాలెండరు. నెల ఎప్పుడూ సోమవారంతోనే మొదలవుతుంది. శిష్యులు కొందరు తప్ప ఎవరూ వాడలేదు.

ఎందుకు వాడలేదు? పదిరోజుల వారానికి పట్టిన గతే దీనికీ ఎందుకు పట్టింది? విప్లవ ప్రభుత్వం చేతిలో చట్టం ఉంది, పోలీసులున్నారు. కోమ్త్ చేతిలో తర్కం ఉంది. రెండూ చాల్లేదు. మనుషుల్ని కలిపేది ఉమ్మడి గుర్తులేనని ఆయన సరిగ్గానే పసిగట్టాడు. వాటిని బల్ల ముందు కూర్చుని తయారు చెయ్యొచ్చనుకున్నాడు, దెబ్బ తిన్నది అక్కడే. ఆ కుర్చీనే తీసుకోండి. ఆయనకు అది పరమ పవిత్రం. పక్కింటివాడికి పాత కుర్చీ. సాంస్కృతిక చిహ్నం కావాలంటే పక్కింటివాడి చెయ్యి కూడా పడాలి.

కోమ్త్ కంటే ముందు ఎవరూ ఆలోచించలేదనుకోకండి. ట్యూనిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ 1377లోనే సమాజాలు ఎలా కూడతాయో, ఎలా కూలతాయో ఒక పెద్ద గ్రంథంలో రాశాడు. గుంపును గుంపుగా నిలబెట్టే కట్టుబాటుకు "అసబియ్యా" అన్న మాట వాడాడు. అందులో రాజచిహ్నాల మీద ప్రత్యేకంగా రాసిన భాగముంది. జెండాలు, నగారాలు, సింహాసనం, నాణేలు, ముద్ర, ఆఖరికి బట్టల అంచున నేసే రాజు పేరు దాకా చర్చిస్తాడు. నన్ను పట్టుకున్నది మాత్రం వేరే అధ్యాయం. ఓడినవాడు గెలిచినవాణ్ని ఎప్పుడూ అనుకరిస్తాడంటాడు: కట్టులో, గుర్తుల్లో, అలవాట్లలో. ఎందుకయ్యా అంటే, మనల్ని గెలిచింది బలం అని ఒప్పుకోవడానికి మనసు రాదు, వాడిలో ఏదో గొప్పతనం ఉండబట్టే గెలిచాడని సరిపెట్టుకుంటాం, ఆ గొప్పతనం వాడి వేషంలో ఉందని భ్రమపడతాం. 1377 అండీ! ఐదు వందల ఏళ్ల తర్వాత బెర్లిన్‌లో జార్జ్ సిమ్మెల్ ఫ్యాషన్ గురించి ఇలాంటి మాటే చెప్పాడు. పైవర్గం వేషాన్ని కిందివాళ్లు అందుకుంటారు, అందుకోగానే పైవాళ్లు దాన్ని వదిలేసి కొత్తది పట్టుకుంటారు, పరుగు ఆగదు.

ఇంకొకరి పేరు కూడా చెప్పాలి. చాలా సిలబస్‌లలో ఆమె ఒక్క వాక్యంలో తేలిపోతుంది, అది నాకు కష్టంగా ఉంటుంది. హ్యారియెట్ మార్టినో, ఇంగ్లండు రచయిత్రి. కోమ్త్ ఆరు సంపుటాలనూ కుదించి 1853లో రెండు సంపుటాలుగా ఇంగ్లీషులోకి తెచ్చింది. కోమ్త్ ఎంత ముచ్చటపడ్డాడంటే, నావి వద్దు ఇవి చదవండి అన్నాడు. దాన్ని తిరిగి ఫ్రెంచిలోకి అనువదించుకున్నారు. అనువాదకురాలిగానే ఆమెను గుర్తుపెట్టుకుంటే మాత్రం అన్యాయం. 1834లో అమెరికా ఓడ ఎక్కినప్పుడే, కొత్త సమాజాన్ని ఎలా గమనించాలో రాయడం మొదలుపెట్టింది, 1838లో పుస్తకంగా వేసింది. ఆమె సలహా ఏమిటంటే, ముందు వస్తువుల్ని చూడు, మనుషుల మాటల్ని ఆ వస్తువుల మీద వ్యాఖ్యానంగా మాత్రమే తీసుకో. శ్మశానాలకు వెళ్లి సమాధుల మీద ఏం రాసుకున్నారో చదవమంది. పోయినవాడిలో ఏ గుణాన్ని రాయి మీద చెక్కించారో చూస్తే, బతికున్నవాళ్లు దేనికి విలువిస్తారో తెలుస్తుంది. ఆమెకు చెవులు సరిగా వినబడేవి కావు, చెవి దగ్గర గొట్టం పెట్టుకుని వినేది. వస్తువుల మీద అంత చూపు దానివల్లే వచ్చిందేమోనని నా ఊహ, ఊహ మాత్రమే.

ఇప్పుడు అసలు మాటకొద్దాం. చిహ్నం అంటే ఏమిటి?

నిప్పు లేనిదే పొగ రాదంటాం. పొగ నిప్పుకు గుర్తు. దీన్ని ఎవరూ కూర్చుని ఒప్పందం చేసుకోలేదు, ప్రకృతి చేసింది. నాలుగురోడ్ల కూడలిలో ఎర్ర దీపం ఆగమని గుర్తు. ఇది ఒప్పందం. రేపు అందరూ కలిసి ఊదారంగు అనుకుంటే అదే పనిచేస్తుంది. ఆ దీపం పగిలితే కొత్తది బిగిస్తారు, ఎవరూ కన్నీళ్లు పెట్టుకోరు. జెండా కూడా ఒప్పందమే, కానీ దాన్ని తగలబెడితే ఊళ్లు తగలబడతాయి. దీపానికీ జెండాకూ మధ్య ఏదో ఉంది. అది పట్టుకోవడానికే పెద్దపెద్దవాళ్లు జీవితాలు ధారపోశారు.

తెలుగు మాట "గుర్తు"ను ఒకసారి అటూ ఇటూ తిప్పి చూడండి. జెండా మీద ఉండేది గుర్తు. పాత సంగతి మనసులో మెదిలితే గుర్తొచ్చింది అంటాం. గుంపులో మనవాణ్ని పోల్చుకుంటే గుర్తుపట్టాం. నలుగురూ మనల్ని ఒప్పుకుంటే గుర్తింపు. బొమ్మ, జ్ఞాపకం, పోలిక, పదిమంది ఒప్పుదల, నాలుగూ ఒకే మాట సంతానం. ఎమిల్ దుర్ఖైమ్ 1912లో ఫ్రెంచిలో లావుపాటి పుస్తకం రాసి తేల్చింది దాదాపు ఇదే. మనవాళ్ల నాలుక మీద ముందే ఉంది.

దుర్ఖైమ్ 1858లో ఎపినాల్‌లో పుట్టాడు. కోమ్త్ శాస్త్రానికి పేరు పెట్టాడు, దుర్ఖైమ్ దాన్ని విశ్వవిద్యాలయంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. 1887 నుంచి బోర్దోలో పాఠం చెప్పాడు. 1895లో పద్ధతి మీద ఒక పుస్తకం, 1897లో ఆత్మహత్యల మీద ఒక పుస్తకం, 1898 నుంచి సొంత పత్రిక. అవన్నీ మీకు పరీక్షకు వస్తాయి కాబట్టి వదిలేస్తున్నాను. (నవ్వులు)

1912 పుస్తకంలో ఆయన ఆస్ట్రేలియా ఆదివాసుల గణచిహ్నాల గురించి రాశాడు. ఒక్కో గణానికి ఒక జంతువో మొక్కో గుర్తు. ఆ గుర్తు గీసిన కొయ్యముక్కలు, రాతిపలకలు ఉంటాయి, వాటిని అరుంటా జనం చురింగా అంటారు. దుర్ఖైమ్ ఇక్కడ మూడు సంగతులు గమనించాడు. ఒకటి, నిజమైన జంతువు కంటే దాని బొమ్మే ఎక్కువ పవిత్రం. రెండు, ఆ బొమ్మకు జంతువు పోలిక ఉండదు. చుక్కలు, గీతలు, సున్నాలు. ఇది కప్ప అని ఆ గణంవాళ్లు చెబితే తప్ప బయటివాడికి తెలియదు. మూడు, గుర్తు తీసేస్తే మిగిలేది మామూలు కొయ్య, మామూలు రాయి. మరి ఆ పవిత్రత ఎక్కడిది? జంతువులో లేదు, బొమ్మ అందంలో లేదు, కొయ్యలో లేదు.

ఆయన జవాబు ఇది. ఆ జనం ఏడాదిలో ఎక్కువ భాగం తిండి వెతుక్కుంటూ చిన్నచిన్న జట్లుగా విడిపోయి ఉంటారు. ఎప్పుడో ఒకసారి అందరూ ఒకచోట చేరతారు. పాట, ఆట, మంటలు, రాత్రంతా హోరు. ఆ హోరులో మనిషికి తనకంటే పెద్దదేదో తనను ఎత్తుకుపోతున్నట్టు ఉంటుంది. ఆ పెద్దది నిజమే, భ్రమ కాదు. అది గుంపు. కానీ గుంపు కంటికి ఒక్క ముక్కగా కనబడదు. కంటి ఎదురుగా ఉన్నది గుర్తు. అందుకని ఆ ఉప్పెనంతా వెళ్లి గుర్తు మీద వాలుతుంది. మర్నాడు గుంపు చెదిరిపోతుంది, గుర్తు మిగులుతుంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ రాత్రి తిరిగొస్తుంది. గుర్తు చూస్తే గుర్తొస్తుంది, అంతే కథ.

ఆయన ఇంకో ఉదాహరణ ఇచ్చాడు. యుద్ధంలో జెండా శత్రువు చేతిలో పడితే దాన్ని తెచ్చుకోబోయి సైనికుడు చచ్చిపోతాడు. ఆ ఒక్క గుడ్డ పోయినంత మాత్రాన దేశం పోదని వాడికీ తెలుసు. అయినా వెళతాడు. ఇది రాసిన మూడేళ్లకు దుర్ఖైమ్ ఒక్కగానొక్క కొడుకు ఆంద్రే ప్రపంచయుద్ధంలో పోయాడు. ఆయన దగ్గర చదువుకున్న కుర్రాళ్లూ చాలామంది పోయారు. 1917లో ఆయనా పోయాడు. ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు ఈ సంగతి అడ్డొస్తుంది.

ఆయన్ని నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. దుర్ఖైమ్ ఆస్ట్రేలియా ఎప్పుడూ వెళ్లలేదు. అక్కడి జనాన్ని స్వయంగా చూసిన స్పెన్సర్, గిలెన్ లాంటివాళ్లు రాసినవి చదివి పారిస్‌లో కూర్చుని రాశాడు. అన్ని మతాలకూ మొదలు ఇదేనన్న ఆయన వాదాన్ని తర్వాత ఆ జనం మధ్యకే వెళ్లి పనిచేసిన మానవశాస్త్రజ్ఞులు చీల్చి చెండాడారు. నాకున్న ఫిర్యాదు వేరే. ఆయన గుంపులో అందరూ ఒకే మాట మీద ఉన్నట్టుంటారు. ఆ చురింగాలను ఆడవాళ్లు, దీక్ష పొందనివాళ్లు తాకకూడదని ఆయనే రాస్తాడు, రాసి ముందుకు వెళ్లిపోతాడు. నేనైతే అక్కడే ఆగేవాణ్ని. కలిపే గుర్తే విడదీస్తోంది కదా! ఒకే గుర్తు కోసం ఇద్దరు కొట్టుకుంటే ఏమవుతుంది?

దానికి ఆయన దేశంలోనే, ఆయన కళ్ల ముందున్న కథ ఉంది. ఎర్ర జెండా కథ.

ఎర్ర జెండా అనగానే మీకు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. కార్మికులు, సమ్మె, తిరుగుబాటు. అసలు మొదలు వినండి. 1789 అక్టోబరులో ఫ్రాన్సులో అల్లర్లను అణచడానికి ఒక చట్టం చేశారు. నగర భవనం కిటికీకి ఎర్ర జెండా వేలాడదీస్తే, ఇక గుంపులు కూడటం నేరం. చెదిరిపొమ్మని హెచ్చరించి, పోకపోతే కాల్చొచ్చు. అంటే ఎర్ర జెండా ప్రభుత్వానిది, తుపాకీది. 1791 జులై 17న పారిస్‌లో షాంప్ ద మార్స్ మైదానంలో రాజును దించెయ్యాలన్న అర్జీ మీద సంతకాలు చేయడానికి జనం చేరారు. మేయరు బేయీ ఎర్ర జెండా ఎత్తించాడు, సైనికులు కాల్చారు, జనం చచ్చారు. రెండేళ్లు తిరిగేసరికి గాలి మారింది. బేయీని గిలటిన్ ఎక్కించేముందు ఆయన కళ్లెదుటే ఎర్ర జెండాను తగలబెట్టారు.

ఆ తర్వాతే గమ్మత్తు. తమ మీద ఎత్తిన జెండాను జనమే ఎత్తుకున్నారు. మీరు మా మీద సైనిక చట్టం పెడతారా, మేమే మీ మీద పెడుతున్నాం అన్న ఎకసెక్కం అందులో ఉంది. చచ్చినవాళ్ల నెత్తురన్న అర్థమూ చేరింది. 1848 ఫిబ్రవరి 25న ఆయుధాలతో వచ్చిన కార్మికులు ఇదే జాతీయ జెండా కావాలని నగర భవనం ముందు పట్టుబట్టారు. కవి లామార్తీన్ అప్పుడు తాత్కాలిక ప్రభుత్వంలో ఉన్నాడు. ఫ్రాన్సు త్రివర్ణ జెండా ప్రపంచమంతా తిరిగొచ్చింది, ఎర్ర జెండా మాత్రం జనం నెత్తుట్లో ఈడ్చుకుంటూ షాంప్ ద మార్స్ మైదానం చుట్టే తిరిగింది అన్న ధోరణిలో మాట్లాడి వాళ్లను ఒప్పించాడు. చూశారా, ఆయన పాత అర్థాన్ని గుర్తుచేస్తున్నాడు, వాళ్లు కొత్త అర్థాన్ని మోస్తున్నారు. ఆరోజు కవి గెలిచాడు. 1871లో పారిస్ కమ్యూన్ మీద, అంటే అక్కడి జనం తిరగబడి పెట్టుకున్న సొంత నగర పాలన మీద, ఎగిరింది ఎర్ర జెండాయే. ఆ తర్వాత దాని అర్థం గురించి ఎవరూ లామార్తీన్‌ను అడగలేదు.

ఎనభై రెండేళ్లు. గుడ్డ అదే, రంగు అదే. అర్థం తల్లకిందులైంది.

దీనికి సరిగ్గా ఎదురు కథ రెడ్‌క్రాస్‌ది. 1864 జెనీవా ఒప్పందంలో క్షతగాత్రులకు సేవ చేసేవాళ్లకు ఒక గుర్తు పెట్టారు, తెలుపు మీద ఎర్ర శిలువ. స్విట్జర్లాండ్ జెండా రంగులు తారుమారు చేస్తే వచ్చేది అదే. మతంతో సంబంధం లేదు, ఎవరి పక్షమూ కాదు అన్నారు. మనసులో మాటే అన్నారు. పన్నెండేళ్లకు రష్యాతో యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు తుర్కుల ఉస్మానియా (ఒట్టోమన్) సామ్రాజ్యం, శిలువ మా సైనికుల మనసు నొప్పిస్తుంది, మేం నెలవంక వాడతాం అంది. గీసినవాళ్లకు అది రంగులు మార్చిన జెండా, చూసినవాళ్లకు శిలువ. ఎవరు రైటు? ఈ పేచీ ఎంత దూరం పోయిందంటే, ఏ మతానికీ ఏ దేశానికీ చెందని గుర్తు కావాలని 2005లో మూడోది తెచ్చారు, మూల మీద నిలబెట్టిన ఎర్ర చతురస్రం. దాన్ని ఎర్ర స్ఫటికం అంటారు. ఎవరికీ అభ్యంతరం లేదు. మీలో ఎంతమంది చూశారు? (ఒకటి రెండు చేతులు లేచాయి) అదీ సంగతి. ఎవరి మనసూ నొప్పించని గుర్తు ఎవరి మనసులోనూ పడలేదు.

అర్థం ఎక్కడుంటుందన్నదానికి జర్మనీలో మాక్స్ వెబర్, అమెరికాలో జార్జ్ హెర్బర్ట్ మీడ్ తలో దారిలో వెళ్లారు. వివరాల్లోకి పోను, ఒక్క ఉదాహరణ చాలు. గిల్బర్ట్ రైల్ అనే తత్త్వవేత్త చెప్పింది, క్లిఫర్డ్ గీర్ట్జ్ 1973లో దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఇద్దరు కుర్రాళ్ల కుడికన్ను ఒక్కసారే మూసి తెరుచుకుంది. కెమెరాకు రెండూ ఒకటే. ఇంగ్లీషులో దీన్ని చెప్పడానికి వాళ్లకు పేజీలు పట్టాయి. తెలుగులో ఒక్క అక్షరం తేడా: ఒకడికి కన్ను కొట్టుకుంది, ఇంకొకడు కన్ను కొట్టాడు. (నవ్వులు, చప్పట్లు) కొట్టుకోవడం వైద్యుడికి వదిలేద్దాం. కొట్టడం దగ్గర సమాజశాస్త్రం మొదలవుతుంది. ఎందుకంటే కొట్టినవాడికి ఎవరికి కొడుతున్నాడో తెలుసు, చూసినవాడు దాన్నెలా తీసుకుంటాడో కూడా ముందే తెలుసు. మీడ్ దీనిమీదే పట్టుబట్టాడు. నా సైగ నీలో ఏ స్పందన తెస్తుందో అదే స్పందన ముందు నాలో మెదిలితేనే అది అర్థమున్న సైగ. అంటే ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మనం ఇద్దరం.

ఇప్పుడు జెండాను మళ్లీ తీద్దాం. బ్రెజిల్ జెండాలో ఆకుపచ్చ మొదటి చక్రవర్తి పెద్రో వంశపు రంగు, బ్రగాంజా వాళ్లది. పసుపు ఆయన భార్య పుట్టింటి రంగు, హాబ్స్‌బర్గులది. రాచరికాన్ని దించినవాళ్లు రాచరికపు రంగుల్ని ఉంచుకున్నారు. ఇవాళ సాధారణంగా చెప్పుకునే అర్థం ఏమిటో తెలుసా? ఆకుపచ్చ అడవులట, పసుపు బంగారమట. రెండు రాజవంశాల పెళ్లి అడవీ బంగారమూ అయి కూర్చుంది. దీన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు. కోట్లమంది ఆ అర్థంతో దాన్ని మోస్తుంటే, చరిత్ర పుస్తకం చేత్తో పట్టుకుని తప్పు తప్పు అంటే ఎలా? పుట్టుక గురించి పుస్తకం చెప్పేది నిజం, బతుకు గురించి వాళ్లు చెప్పేదీ నిజం. కోమ్త్ మతం బ్రెజిల్‌లో కూడా కొద్దిపాటి గుళ్లకే పరిమితమైంది. ఆయన మాటలు మాత్రం ఆయన పేరు లేకుండా ఎగురుతున్నాయి.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. అది కన్ను కొట్టుకోవడం కాదని నాకు అర్థమైంది. (నవ్వులు) ప్రశ్నలుంటే అడగండి.

ఒక విద్యార్థిని: సార్, జనం ఒకచోట చేరి హోరెత్తితేనే గుర్తుకు బలం వస్తుందన్నారు. మరి ఫోన్లో ఒక్కళ్లమే కూర్చుని పంపుకునే ఎమోజీల సంగతేంటి? వాటికి అర్థం ఎవరిస్తున్నారు?

మంచి ప్రశ్న అమ్మా. రెండు చేతులూ జోడించిన బొమ్మ ఉంది కదా, ఒకరు నమస్కారం అనుకుంటారు, ఒకరు ప్రార్థన, ఒకరు థాంక్స్, కొందరైతే ఇద్దరు చేతులు చరుచుకుంటున్నారనుకుంటారు. ఆ బొమ్మకు నంబరు ఇచ్చేది యూనికోడ్ సంస్థ. నంబరు దాకే వాళ్ల అధికారం. అర్థం వాళ్ల చేతిలో లేదు.

దీనిమీద నిజంగా ఒక కేసు నడిచింది, కెనడాలోని సస్కచెవాన్ రాష్ట్రంలో. 2021లో ధాన్యం కొనే ఒక కంపెనీ అవిసె గింజల కొనుగోలు ఒప్పందం మీద సంతకం పెట్టి, దాని ఫొటో ఒక రైతుకు ఫోన్లో పంపి, ఖాయం చెయ్యమని అడిగింది. రైతు బొటనవేలు పైకెత్తిన ఎమోజీ పంపాడు. గింజలు ఇవ్వాల్సిన నెల వచ్చింది, ఇవ్వలేదు. అప్పటికి ధర బాగా పెరిగింది. కంపెనీ కోర్టుకెక్కింది. ఫొటో అందిందని చెప్పానే గానీ ఒప్పుకున్నానని కాదు అన్నాడు రైతు. నమ్మశక్యం కాని వాదనేం కాదది. మనమూ చాలాసార్లు అందుకే పంపుతాం. జడ్జి ఆన్‌లైన్ నిఘంటువు తెరిచి ఆ బొమ్మకు అర్థం చూశారు, సమ్మతి అని ఉంది. అక్కడితో ఆగలేదు. ఈ ఇద్దరి మధ్య అంతకుముందు లావాదేవీలు ఎలా జరిగాయో చూశారు. ఇలాగే ఫొటోలు వెళ్లాయి, రైతు "ఓకే" అనో "బాగుంది" అనో ఒక ముక్క కొట్టేవాడు, గింజలు టైముకి వచ్చేవి. ఆ ఒక్క ముక్క చోటే ఈసారి బొటనవేలు కూర్చుంది. 2023లో తీర్పు రైతుకు వ్యతిరేకంగా వచ్చింది, 82 వేల కెనడా డాలర్లకు పైగా కట్టమన్నారు. 2024లో పై కోర్టూ అదే మాట అంది.

నువ్వడిగిన హోరు అక్కడ లేదమ్మా. ఇద్దరే మనుషులు, ఎదురుబదురు కూడా లేరు. కానీ కొన్నేళ్ల అలవాటు ఉంది, దాన్నే జడ్జి సాక్ష్యంగా తీసుకున్నారు.